బట్టీలోంచి బాగా వచ్చినవి

లాంగ్‌టన్‌లో, బట్టీల పొగ
కిటికీ అద్దాలకి జిడ్డులా పట్టిన మూడో అంతస్తులో
విన్నిఫ్రెడ్ మౌంట్‌ఫర్డ్ పక్కన నాకో పీట వేశారు.
నాకు పదిహేనేళ్ళు.
ఆవిడ నా మొహం చూడలేదు, చేతులు చూసింది.
"వేడి చేతులు. మట్టి అరిచేతిలోనే ఎండిపోతుంది.
పో, చన్నీళ్ళలో పెట్టుకు రా."

మట్టి అంటాం గానీ అందులో సగం ఎముక.
కబేళా నుంచి బండ్లకెత్తి తెచ్చి, కాల్చి,
పిండికంటే మెత్తగా నూరిన ఎద్దుల ఎముక.
మొదటి వారం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.
తెలిసిన మధ్యాహ్నం నాకు రొట్టె గొంతు దిగలేదు.
ఆవిడ టీ ఊదుకుంటూ అంది:
"బతికినన్నాళ్ళూ అది పూలు మేసింది కదే,
ఇప్పుడు పువ్వవడం దాని వంతు."

పనిముట్లు పెద్దగా ఏం లేవు.
పళ్ళు రాలిన దువ్వెన, ఒక తలపిన్ను,
సాసర్లో కాస్త ఆలివ్ నూనె.
శనగగింజంత ముద్ద ఎడమ అరిచేతిలో పెట్టి
కుడి బొటనవేలితో ఒక్క నొక్కు, ఒక్క జారు.
అంచు పల్చగా, మొదలు దిట్టంగా,
రేకు వేలికి అంటుకుని లేస్తుంది.
వెనక్కి తిప్పి చూస్తే అరిచేతి గీతలన్నీ దాని మీదే.
సంతలో సోది చెప్పే మనిషి
ఆయుష్షు గీత అని చూపించిందే,
అదే రోజా రేకుకి నడిమి ఈనె.

ఆవిడ బొటనవేలికి ఒక కోత మచ్చ.
చిన్నప్పుడు చేపల డబ్బా మూత తెగిందట.
అందుకే ఆవిడ చేసిన ప్రతి రేకు మీదా
ఏటవాలుగా, వెంట్రుకంత సన్నగా, ఒక గీత.
కింది అంతస్తులో రంగులేసే ఆడవాళ్ళు
టర్పెంటైన్ వాసనలో కుంచె మొన పెదాలతో తడిపి
ఆ గీత వెంటే ఎరుపు లాగేవారు.
పువ్వుకి కొంచెం ఎండ తగిలినట్టుండేది.

రోజుకి పన్నెండు డజన్లు.
బట్టీలోంచి బాగా వచ్చినవాటికే డబ్బు.
పగిలినవి ఎవరివీ కావు,
వాటి మీద పోయిన పొద్దు కూడా ఎవరిదీ కాదు.

కొత్తగా వచ్చిన మేస్త్రీ క్లూలో ఒక శుక్రవారం
ఆవిడ రోజాలు ఎనిమిది డజన్లు పక్కకి నెట్టాడు.
"పగుళ్ళు," అన్నాడు.
ఆవిడ మాట్లాడలేదు. బొటనవేలు తీసుకెళ్ళి
అతని కళ్ళజోడు ముందు నిలబెట్టింది.
చాలాసేపు చూశాడు.
సగం కూలి ఇచ్చాడు.
ఆ సగానికి నేను ఇప్పటికీ అతన్ని క్షమించలేదు.

పదకొండేళ్ళ తర్వాత ఒక సోమవారం ఆవిడ రాలేదు.
మంగళవారం ఆవిడ పీట నాకిచ్చారు.
దువ్వెన కూడా నాదే అయింది.
నా పూలు బాగానే ఉండేవి. బాగానే అంటే బాగానే.

చలికాలంలో బర్మింగ్‌హామ్ దుకాణం నుంచి ఉత్తరం.
కోటుకి పెట్టుకునే రోజాల్లో ఆ సన్న గీత ఏమైందని,
మా ఖాతాదార్లు గీత ఉన్నవే అడుగుతున్నారని.
క్లూలో ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చి
కాసేపు నిలబడ్డాడు.
"అది వెయ్యగలవా?"

వెయ్యగలనన్నాను.
తలపిన్ను మొనతో, ఆవిడ వేలు ఎటు వాలేదో అటే,
రేకు రేకుకీ గీశాను. పన్నెండు డజన్లు.
ఎవరు చూసినా ఆవిడవే అనుకునేంత బాగా.

బట్టీ చల్లారాక మూకుళ్ళు తెరిచారు.
సరిగ్గా ఆ గీత దగ్గరే,
ఒక్కటి మిగలకుండా,
అన్నీ విచ్చిపోయాయి.

క్లూలో ఏదో అంటున్నాడు.
నేను వెళ్ళి చేతులు చన్నీళ్ళలో పెట్టుకున్నాను.
మణికట్లు లాగేదాకా ఉంచాను.
వచ్చి, ముద్ద తుంచి,
నా అరిచెయ్యి తెరిచాను.